వీధి ఆట అకాడమీ గేటు దాకా వచ్చిన దారి

వేసవి సెలవులు దగ్గరపడేసరికి హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో తల్లిదండ్రుల మధ్య ఏటా ఒకే చర్చ నడుస్తుంది. పిల్లవాణ్ని ఏ అకాడమీలో చేర్చాలి, క్రికెట్టా బ్యాడ్మింటనా, నెలకు ఫీజు ఎంత, కిట్టుకు ఎంతవుతుంది, తెల్లవారుజామున ఎవరు దింపాలి, ఎవరు తీసుకురావాలి అన్నవే ఆ చర్చలోని ప్రశ్నలు. ముప్పై నలభై ఏళ్ల కిందట ఇదే వయసు పిల్లల గురించి ఇళ్లలో వినిపించిన మాట వేరు. చీకటి పడినా వీడింకా ఇంటికి రాలేదేమిటన్నదే అప్పటి బెంగ. పిల్లలను ఆటకు పంపడం ఆనాడు పెద్దల పని కాదు, ఆట నుంచి వెనక్కి పిలవడం మాత్రమే వారి పని. ఈ రెండు కాలాల మధ్య ఏం జరిగిందో తెలుసుకోకుండా అకాడమీలను తిట్టినా, గల్లీ ఆటను ఆకాశానికెత్తినా ఉపయోగం లేదు.

వీధి ఆటకు కోచ్ లేకపోయినా ఒక రాజ్యాంగం ఉండేది. ఆట మొదలయ్యే ముందు పిల్లలు గుండ్రంగా నిలబడి పంటలు వేసుకునేవారు. అరచేతులు కొందరు బోర్లా, కొందరు వెల్లకిలా పెట్టినప్పుడు అందరికీ భిన్నంగా పెట్టినవాడు పండినట్టు, చివరికి మిగిలినవాడు దొంగ. ఏడు పెంకులాటకైనా, తెలంగాణలో చిర్రగోనె అని, కోస్తాలో బిళ్ళంగోడు అని పిలిచే ఆటకైనా, ఆ తరువాత వచ్చిన టెన్నిస్ బంతి క్రికెట్‌కైనా నియమాలను ఆ వీధి కొలతలే నిర్ణయించేవి. ఎదురింటి ప్రహరీ దాటితే ఔట్, గోడకు తగిలి వచ్చిన బంతిని ఒంటిచేత్తో పట్టినా ఔట్, బంతి ఎవరింట్లో పడితే కొట్టినవాడే వెళ్లి తెచ్చుకోవాలి. తొండి చేసినవాడితో గొడవపడి, అరగంట అలిగి, ఆఖరికి మనిషి తక్కువయ్యాడని మళ్ళీ వాణ్నే పిలవడంతో తీర్పు పూర్తయ్యేది. అందరికన్నా చిన్నపిల్లలను ఆటలో అరటిపండుగా చేర్చుకునేవారు. వారు పరుగెత్తుతారు, బంతి పట్టుకుంటారు, కానీ ఔటైనా లెక్కలోకి రారు. నాలుగేళ్ల పిల్ల పద్నాలుగేళ్ల వారి మధ్య నిలబడి, ఎవరూ నేర్పకుండానే ఆట నేర్చుకునే ఈ ఏర్పాటుకు సాటివచ్చేది వయసువారీ బ్యాచులున్న ఏ శిక్షణ కేంద్రంలోనూ నాకు కనిపించలేదు.

అయితే పెద్దలు పిల్లల ఆటను పద్ధతిలో పెట్టడం నిన్న మొన్న మొదలైనది కాదు. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించారు. అక్కడ తర్ఫీదు పొందినవారు డ్రిల్లు మాస్టార్లుగా ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలోని బడులకు చేరారు. ఈల, నెట్టు, గీతలు గీసిన కోర్టు, పీరియడు బెల్లు వంటివన్నీ మన బడి ఆటలోకి అలా వచ్చినవే. ఊరికొక తీరుగా ఆడుకునే చెడుగుడు కూడా ఈ దారిలోనే నడిచింది. 1920లలో పశ్చిమ భారతంలో దానికి రాతపూర్వక నియమాలు ఏర్పడ్డాయి, 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంలో ప్రదర్శన జరిగింది, 1950లో జాతీయ సమాఖ్య వచ్చింది, 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల పట్టికకెక్కింది. ఈ ప్రయాణంలో ఆటకు ప్రపంచం దొరికింది, కూత మాత్రం మారిపోయింది. ఊపిరి బిగపట్టి ‘చెడుగుడు చెడుగుడు’ అంటూ మన ఊళ్లలో పెట్టిన కూత స్థానంలో ‘కబడ్డీ కబడ్డీ’ అన్న ఒకే కూతను నిబంధనలు ఖాయం చేశాయి. ఎంత దమ్ముంటే అంతసేపు సాగిన కూతకు ముప్పై సెకన్ల గడువు వచ్చింది.

సంఘటిత క్రీడ వీధి ఆటను మింగేయాల్సిన అవసరం లేదని చూపిన మనిషి మన హైదరాబాద్‌లోనే ఉండేవారు. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షకుడిగా ఉన్న భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఈ విజయాల జాబితా చాలామందికి తెలిసిందే. వాటి వెనక ఉన్న పద్ధతి అంతకన్నా ముఖ్యమని నా అభిప్రాయం. మైదానాల్లో చెప్పుల్లేకుండా ఆడుకుంటూ పెరిగిన కుర్రాళ్లకు బంతిని కాళ్ల మధ్య దాచుకుని నలుగురిని తప్పించడం పుట్టుకతో వచ్చినట్టు వచ్చేది గానీ, బంతిని పక్కవాడికి అందించడం వచ్చేది కాదు. రహీం వారిని ఆ మైదానాల నుంచి వేరు చేయలేదు. కుర్రాళ్ల కోసం డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంట్లు పెట్టారు. బంతి వచ్చిన వెంటనే అందించాలన్న ఒక్క నియమం మార్చడంతో పాసింగ్ పాఠాన్ని ఆటే చెప్పింది. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పేదింట పుట్టిన తులసీదాస్ బలరాం 1956, 1960 ఒలింపిక్స్‌లలో దేశం తరఫున ఆడగలిగారంటే, వీధిలో పుట్టిన ఆటను వీధిలోనే వెతికి పట్టుకునే వ్యవస్థ ఒకటి ఆనాడు ఉండటమే అందుకు కారణం. 1963లో రహీం కన్నుమూశాక ఆ స్థాయి ఫుట్‌బాల్ ఈ నగరానికి మళ్ళీ దక్కలేదు.

స్వాతంత్ర్యం తరువాతి దశాబ్దాల్లో క్రీడ ప్రభుత్వ వ్యవహారంగా స్థిరపడింది. 1961లో పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ వచ్చింది, ఢిల్లీలో 1982 ఆసియా క్రీడలు జరిగిన ఊపులో 1984లో భారత క్రీడా ప్రాధికార సంస్థ ఏర్పడింది. రైల్వే, పోలీసు, బ్యాంకు ఉద్యోగాల్లో క్రీడాకారులకు చోటు దొరకడంతో ఆటకు బతుకుదెరువు విలువ వచ్చింది, వరంగల్‌కు చెందిన పిచ్చయ్య వంటివారి వల్ల బాల్ బ్యాడ్మింటన్‌కు సైతం 1970లో అర్జున అవార్డు దక్కింది. హైదరాబాద్‌లో గోల్కొండ ముట్టడి కాలం నాటి పేరు మోస్తున్న ఫతే మైదాన్ 1967లో లాల్ బహదూర్ స్టేడియం అయింది. మైదానం స్టేడియం కావడం నగరానికి గౌరవమే. కాకపోతే మైదానంలోకి ఎటునుంచైనా నడిచి వెళ్లవచ్చు, స్టేడియానికి గేటు ఉంటుంది.

అసలు మలుపు ఆటలో కాదు, స్థలంలో వచ్చింది. 1990ల నుంచి మన పట్టణాల్లో ఖాళీ జాగాల ధరలు పెరిగాయి, లేఅవుట్లలో పిల్లల కోసం వదలాల్సిన స్థలాలు కొన్నిచోట్ల ఆక్రమణల పాలయ్యాయి, వీధుల్ని బండ్లు ఆక్రమించాయి. అదే కాలంలో అపార్ట్‌మెంట్ల వంటి భవనాల్లో ప్రైవేటు బడులు వెలిశాయి. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం తన షెడ్యూలులోనే రాసిపెట్టినా, ఆటస్థలం అంటే మేడ మీది సిమెంటు డాబా అనుకునే బడులు మన చుట్టూ ఇంకా ఉన్నాయి. ర్యాంకుల పరుగులో పీఈటీ పీరియడు లెక్కల మాస్టారి చేతికి వెళ్లడం ఈ తరం పిల్లలకు మామూలు విషయం.

మా కాలనీలో మూడు ప్లాట్లు కలిసిన ఒక ఖాళీ జాగా ఉండేది. కంప చెట్టు ఒకటి షార్ట్ లెగ్‌లో నిలబడి ఉండేది, దాని కొమ్మలకు చిక్కిన బంతి ఫోరా కాదా అన్న వివాదం ఎన్నడూ తేలలేదు. ఒక ఏడాది సంక్రాంతి సెలవులకు ఊరెళ్లి వచ్చేసరికి చుట్టూ కడీలు పాతి ముళ్లతీగ చుట్టారు. ఆ స్థలం యజమాని చేసిన దాంట్లో తప్పేమీ లేదు, అది ఆయన ఆస్తి. పిల్లలకు వేరొక చోటు చూపించాల్సిన బాధ్యత ఎవరిదో మాత్రం ఆ రోజు ఎవరూ అడగలేదు, మా పెద్దలతో సహా.

అకాడమీలు ఈ ఖాళీలోకి వచ్చాయి. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన పుల్లెల గోపీచంద్‌కు 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గచ్చిబౌలిలో ఐదెకరాలు కేటాయించింది, 2008లో అకాడమీ మొదలైంది. అందుకోసం ఆయన తన ఇంటిని తాకట్టు పెట్టారు. ఒలింపిక్స్‌లో 2012లో సైనా నెహ్వాల్ కాంస్యం, 2016లో పీవీ సింధు రజతం ఆ కోర్టుల మీద పడిన చెమట ఫలితాలే. సింధు చిన్నతనంలో సికింద్రాబాద్ వైపు నుంచి శిక్షణ కోసం రోజూ యాభై కిలోమీటర్లకు పైగా ప్రయాణించింది. జాతీయ స్థాయి వాలీబాల్ ఆడిన తల్లిదండ్రులు కాబట్టి ఆ ప్రయాణం విలువ వారికి తెలుసు. 2008లోనే ఐపీఎల్ కూడా వచ్చింది. ఈ రెండు విజయగాథలు కలిసి ఇంటింటా ఒక లెక్కను ప్రవేశపెట్టాయి: ఆటంటే చిన్నప్పుడే ఎంచుకోవాల్సిన కోర్సు, కట్టాల్సిన ఫీజు, చేరాల్సిన గమ్యం.

ఈ లెక్క అబద్ధం కాదు గానీ, అది సగమే. ఆటోడ్రైవర్ కొడుకైన మహమ్మద్ సిరాజ్ యవ్వనంలోకి వచ్చేదాకా హైదరాబాద్‌లో టెన్నిస్ బంతితోనే ఆడాడు. 2015–16 సీజన్‌లో రంజీలోకి, 2017లో ఐపీఎల్‌లోకి వచ్చాడు. ఎలక్ట్రీషియన్ కొడుకైన తిలక్ వర్మను అతని కోచ్ మొదట చూసింది బార్కాస్ మైదానంలో, టెన్నిస్ బంతి ఆటలోనే. మరోవైపు విశాఖపట్నానికి చెందిన నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో చేసిన 114 పరుగుల వెనక, కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్న తండ్రి ఉన్నారు. అయితే అలాంటి సాహసం చేసే స్తోమత, ధైర్యం అన్ని ఇళ్లకూ ఉండవు. తిలక్ కథలో మనం గమనించాల్సింది కోచ్ గొప్పతనంతో పాటు, ఆయన నడిచి వెళ్లి చూడటానికి ఒక మైదానం, అందులో డబ్బు కట్టకుండా ఆడుతున్న పిల్లలు ఉండటం.

వీధి ఆటను తలచుకునేటప్పుడు దాచకూడని నిజం ఇంకొకటి ఉంది. అది ఆడపిల్లలకు ఎన్నడూ పూర్తిగా తెరిచి లేదు. తొక్కుడు బిళ్ళ, దాగుడుమూతలు ఆడినన్నాళ్లూ ఆడి, పెద్దమనిషి అయ్యేసరికి వారు అరుగు మీదికి, అక్కణ్నుంచి లోపలికి వెళ్లిపోయేవారు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లేశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం ఎత్తినా, సికింద్రాబాద్‌లో అన్నతో పాటు శిక్షణకు వెళ్లిన మిథాలీ రాజ్ దేశ మహిళా క్రికెట్ జట్టుకు సారథి అయినా, కుటుంబం భద్రాచలం వదిలి సికింద్రాబాద్‌కు మకాం మార్చడంతో గొంగడి త్రిష 2025 అండర్–19 ప్రపంచకప్‌లో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచినా, ఆ తలుపు తెరిచింది వ్యవస్థీకృత శిక్షణే. ఈ మేలును కాదనే హక్కు గల్లీ క్రికెట్ ఆడిన మా తరం మగపిల్లలకు లేదు.

శరీరం గురించి వైద్యులు చెప్పేది కూడా ఈ చరిత్రకు చేరువగానే ఉంది. 15, 16 ఏళ్లు వచ్చేవరకు ఒకే ఆటకు పరిమితం కావడాన్ని వాయిదా వేయడం మేలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2016లో సూచించింది. పిల్లలకు రోజుకు సగటున గంటసేపు చురుకైన శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. వారానికి మూడు రోజుల కోచింగ్ ఆ లెక్కను తీర్చదు. ప్రతి సాయంత్రం దొరికే ఆట తీరుస్తుంది.

ప్రభుత్వాలు చేసినవి లేకపోలేదు. 2018లో ఖేలో ఇండియా బడి స్థాయి పోటీలతో మొదలైంది. తెలంగాణ ప్రభుత్వం 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాల పథకం తెచ్చింది. ఆట స్థలం హక్కుగా దక్కాలన్న ఆలోచనకు అది దగ్గరగా వచ్చింది గానీ, ఊరికి దూరంగా ఎక్కడో దొరికిన జాగాలో బోర్డు పాతినచోట పిల్లలు వెళ్లలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు నుంచి 2024 ఫిబ్రవరి వరకు జరిగిన ‘ఆడుదాం ఆంధ్రా’ గ్రామ, వార్డు సచివాలయ స్థాయి దాకా పోటీలను తీసుకెళ్లింది, కానీ 15 ఏళ్లు నిండినవారికే. ఈ పథకాల్లో పోటీకీ బహుమతికీ ఉన్న చోటు ఊరికే ఆడుకోవడానికి లేదు. సాయంత్రం బడి వదిలాక ప్రభుత్వ పాఠశాలల ఆటస్థలాలకు తాళం వేయకుండా, ఒక కాపలా మనిషినీ రెండు దీపాలనూ పెట్టి, చుట్టుపక్కల పిల్లలందరికీ ఆరున్నర, ఏడు దాకా వదిలిపెడితే అయ్యే ఖర్చు ఎంత? ఏ పార్టీ హామీల్లోనూ ఈ మాట నాకు కనిపించలేదు.

మా కాలనీ జాగాలో ఇప్పుడు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. ఆదివారాలు దాని సెల్లార్‌లో పిల్లలు స్పాంజి బంతితో ఆడుతుంటారు, కారుకు తగిలితే ఔట్, అలారం మోగితే ఇన్నింగ్స్ ముగిసినట్టే. వాచ్‌మన్ కేకేసేదాకా ఆట సాగుతుంది. మొన్న చూసినప్పుడు లిఫ్టు పక్కన ఐదేళ్ల పాప ఒకతి రెండు చేతులూ చాపి బంతి కోసం నిలబడి ఉంది. తనూ ఆడుతోందా అని అడిగితే, ‘అది అరటిపండు అంకుల్’ అన్నాడు వాళ్లన్న.