ఇంటిపేరు ముందా, వెనకా?

చిరంజీవులకు ఆశీస్సులు.

ఫారంలో 'ఫస్ట్ నేమ్', 'లాస్ట్ నేమ్' అనే రెండు గడులు చూసి మీరు తికమకపడుతున్నారని మీ అమ్మ చెప్పింది. ఆ గడులు ఇంటిపేరు చివర రాసుకునేవాళ్ల అలవాటు ప్రకారం వచ్చినవి. మనకు ఇంటిపేరే ముందు. పాములపర్తి వేంకట నరసింహారావు గారిలో పాములపర్తి ఇంటిపేరు. దాన్ని ఫారంలో చివరి గడిలో రాయాలి, అంతే.

మన ఇంటిపేర్లు చాలామటుకు ఊళ్ల పేర్లే. రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టింది తిరుత్తణిలో. ఇంటిపేరు సర్వేపల్లి మాత్రం నెల్లూరు జిల్లాలోని ఊరిది. పెద్దలు ఊరు మారినా పేరు మార్చుకోలేదు. పొడి అక్షరాలు కనబడగానే అవి ఇంటిపేరే అనుకోకండి. అబ్దుల్ కలాం గారి పేరులోని 'జె' జైనులాబ్దీన్, అంటే వాళ్ల నాన్నగారు. పి.టి. ఉష ముందున్నవి కేరళ పద్ధతిలో వాళ్ల ఇంటికున్న పేరు. మోహన్‌దాస్ కరంచంద్ గాంధీలో నాన్న పేరు నడుమ ఉంది, గుజరాతీల ఆనవాయితీ అది.

ఇక మీరు నవ్వే పేర్ల సంగతి. పెంటయ్య, పుల్లయ్య, తవిటయ్య. పూర్వం పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాతి కాన్పులో బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, వేరెవరిచేతనో ఎత్తించి ఇంటికి తెచ్చుకునేవారు. వాడు పెంటయ్య, ఆడపిల్లయితే పెంటమ్మ. పుల్లాకుల మీద, అంటే ఎంగిలి విస్తళ్ల మీద దొర్లిస్తే పుల్లయ్య. పొరుగింటివాళ్లకు బిడ్డనిచ్చేసి, చాటెడు తవుడు పోసి మళ్లీ కొనుక్కుంటే తవిటయ్య, తవిటమ్మ. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని మృత్యువు పక్కకు పోతుందని ఆశ. అంత ముద్దుగా, అంత భయంగా పెట్టుకున్న పేర్లు మరి లేవని నేనంటాను. క్లాసులో ఎవరి తాతగారి పేరైనా అలా వినబడితే నవ్వకండి.

మొక్కు పేర్లు వేరే. నూకాలమ్మకు మొక్కుకుంటే నూకరాజు. దర్గాకు మొక్కుకున్న హిందువుల ఇళ్లలో మస్తానయ్యలు, మస్తానమ్మలు ఇప్పటికీ ఉన్నారు.

మర్యాదల్లో 'గారు' పేరు తర్వాత వస్తుంది. అది రాగానే క్రియ కూడా మారాలి. 'మాస్టారుగారు వచ్చాడు' అంటే చెవికి గుచ్చుకుంటుంది. మన పేరు మనం చెప్పుకునేటప్పుడు 'గారు' ఉండదు. పెళ్లిపత్రికలో పెళ్లికూతురి పేరు ముందుండే 'చి.ల.సౌ.' అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. పాత ఉత్తరాల మీద పెద్దలకు 'మ.రా.రా.శ్రీ' అని రాసేవారు, మహారాజరాజశ్రీ అన్నమాట. గుమాస్తా అయినా మహారాజే!

చదువు కూడా పేరవుతుంది. లాల్ బహాదుర్ గారికి 'శాస్త్రి' కాశీ విద్యాపీఠ్ ఇచ్చిన పట్టా. అది కులం పేరు కాదు, పుట్టుకతో వచ్చిందీ కాదు. ప్రభుత్వం ఇచ్చే బిరుదుల్ని మాత్రం రాజ్యాంగం 18వ అధికరణం రద్దు చేసింది. అందుకే పద్మశ్రీ వచ్చినవారు దాన్ని పేరుకు ముందు గానీ వెనక గానీ తగిలించుకోకూడదు. 1995లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది.

మీ ఇంటిపేరు ఏ ఊరిదో, మీ పేరు ఎవరు పెట్టారో మీ నానమ్మను అడిగి నాకు రాయండి. ఊరు ఏ జిల్లాలో ఉందో కూడా రాయండి, ఆ పేరుతో రెండు మూడు ఊళ్లుంటాయి.

ఇట్లు,
మీ తాతయ్య