క్లాస్‌మేట్స్ ముందు మ్యాజిక్ సాధన: అపోహలు - వాస్తవాలు

మ్యాజిక్ నేర్చుకుంటున్న పిల్లలు నా దగ్గరికి తెచ్చే ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒకటే. ఇంట్లో చేస్తే చక్కగా వస్తోంది, క్లాసులో చేస్తే ఇట్టే దొరికిపోతున్నాను అంటారు. ప్రదర్శనలు ఇస్తూ, స్కూలు పిల్లలకు ఈ విద్య నేర్పేవాడిగా ఆ మాట వింటే నాకు సంతోషమే. ఒంటరిగా చేసినంతకాలం జరిగేది వేళ్లకు కసరత్తు. ఎప్పుడు మాట్లాడాలి, ఎక్కడ ఆగాలి, ఎదుటివాళ్ల చూపు ఎటు పోతోంది అన్నవి చూసే కళ్లు ఎదురుగా ఉంటే తప్ప వంటబట్టవు. అవి నేర్పడానికి క్లాస్‌మేట్స్‌ను మించినవాళ్లు దొరకరు. కాకపోతే ఈ సాధన గురించి పిల్లల్లోనూ పెద్దల్లోనూ చాలా అపోహలున్నాయి. నేను తరచూ వినేవి ఇవి.

అపోహ: చేతివేగమే మ్యాజిక్. వేగంగా చేస్తే కంటికి దొరకదు.

ఎక్కువమందిని చెడగొట్టేది ఇదే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్తాను. కళ్ల ముందు ఏదైనా గబుక్కున కదిలితే చూపు దాని మీదికే పోతుంది. కాబట్టి దాచాల్సిన పనిని హడావిడిగా చేస్తే, ఇక్కడే చూడండి అని మనమే చెప్పినట్టు. కనికట్టు ఆడుకునేది చూసేవాళ్ల అంచనాతో. నాణెం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి వెళ్లిందని వాళ్ల మనసు ముందే అనేసుకుంటుంది, కన్ను దానికి తలూపుతుంది.

1900లో నార్మన్ ట్రిప్లెట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని స్కూలు పిల్లల మీదే పరీక్షించి రాశాడు. క్లాసు ముందు బల్ల దగ్గర కూర్చుని బంతిని పైకి ఎగరేసి పట్టుకున్నాడు. మళ్లీ ఎగరేసి పట్టుకున్నాడు. మూడోసారి చెయ్యి మాత్రం ఊపాడు, బంతి బల్ల చాటునే ఉండిపోయింది. పిల్లల్లో దాదాపు సగం మంది, బంతి పైకి వెళ్లి మాయమవడం చూశామన్నారు. 2006లో గుస్తావ్ కూన్, మైకేల్ లాండ్ అనే పరిశోధకులు ఇదే ట్రిక్‌ను వీడియో తీసి చూపించారు. లేని బంతి వెంట మెజీషియన్ చూపు కూడా పైకి వెళ్లినప్పుడు మూడింట రెండొంతుల మంది బోల్తా పడ్డారు. అతను బంతి దాచిన చేతినే చూస్తూ ఉండిపోయినప్పుడు సుమారు మూడోవంతు మందే పడ్డారు. చెయ్యి రెండుసార్లూ చేసింది ఉత్తుత్తి విసురే. చూపు మారింది, ఫలితం మారింది.

నాణేన్ని మాయం చేయడంలో మొదటి పాఠం, ఫ్రెంచ్ డ్రాప్ సంగతి చూద్దాం. ఏ ప్రాథమిక పుస్తకంలో అయినా ఉండేదే కాబట్టి చెప్పేస్తున్నాను. ఎడమచేతి బొటనవేలికీ మిగతా వేళ్ల కొసలకీ మధ్య నాణేన్ని అంచులతో పట్టుకుంటాం. దాన్ని తీసుకోవడానికన్నట్టు కుడిచెయ్యి వస్తుంది. బొటనవేలు నాణెం కిందికి, మిగతా వేళ్లు దాని ముందుకి. ఆ వేళ్ల చాటున నాణెం ఎడమ అరచేతిలోకి జారిపోతుంది, కుడిచెయ్యి ఖాళీ పిడికిలితో పక్కకి వెళ్తుంది. నాణెం జారేటప్పుడు దొరికిపోయేవాళ్లు తక్కువ. అసలు తంటా ఆ తర్వాతే. ఎడమచెయ్యి గాల్లోనే బిగుసుకుపోతుంది. చేసేవాడి కళ్లు ఒక్క క్షణం దాని మీదికి దొంగచూపు చూస్తాయి. ముందు బెంచీలోవాడు వెంటనే "ఆ చెయ్యి చూపించరా" అంటాడు.

దీనికి మందు, నాణేన్ని ముందు నిజంగానే తీసుకోవడం. పదేపదే తీసుకుని, అప్పుడు మీ చూపు ఎటు వెళ్తోందో, ఎడమచెయ్యి ఎంత మామూలుగా కిందికి వాలుతోందో, పిడికిలి ఎంత వదులుగా ఉందో గమనించండి. ఉత్తుత్తిగా తీసుకోవడం అచ్చం అలాగే ఉండాలి. ఆ తర్వాత పిడికిలిని వెంటనే తెరవకండి. ఒక మాట మాట్లాడండి, పిడికిలి మీద ఎవరితోనైనా ఊదించండి. నాణెం అక్కడే ఉందని వాళ్లు గట్టిగా నమ్మడానికి ఆ కాస్త సమయం కావాలి. ఎంత సమయం అన్నది ఎవరూ లెక్కకట్టి చెప్పలేరు, ఎదుటివాళ్ల ముఖాలు చూస్తేనే తెలుస్తుంది. క్లాసు అవసరం అందుకే.

అపోహ: అద్దం ముందు తప్పు లేకుండా వస్తే చాలు, క్లాసులో చేసేయొచ్చు.

అద్దంతో రెండు చిక్కులున్నాయి. రహస్యమైన కదలిక దగ్గరకి రాగానే చాలామంది తెలియకుండానే కళ్లు ఆర్పేస్తారు. దాంతో తప్పు తమకే కనిపించదు. అద్దం ముందు చాలాకాలం చేసినవాళ్లకి ఎదురుగా నిటారుగా చూడటం అలవాటైపోతుంది కూడా. చేతిని చూడాల్సిన చోట చేతిని చూడరు. ఫోన్‌లో వీడియో తీసుకుని చూస్తే కళ్లు ఆర్పడం ఇట్టే బయటపడుతుంది. వీలైతే ఫోన్‌ని ఒకసారి ఎడమపక్కన, ఒకసారి కుడిపక్కన, ఒకసారి కాస్త ఎత్తులో పెట్టి తీయండి.

ఎందుకంటే క్లాసులో ఎదురుగా కూర్చుని చూసేవాళ్లు ఎప్పుడూ ఉండరు. ఒకడు బెంచీ ఎక్కి పైనుంచి చూస్తాడు, ఇద్దరు భుజాల మీదుగా వంగుతారు, ఒకడు కింద కూర్చుని చేతుల కిందనుంచి చూస్తాడు. వేదిక మీద చేసేవాళ్లకి కూడా ఇన్ని కోణాల బెడద ఉండదు. వీపు గోడకి ఆనించి గది మూలలో నిలబడండి, సగం సమస్య పోతుంది. మొదట్లో ఇద్దరు ముగ్గురికే చూపించండి. గుంపు తనంతట తనే చేరితే, దాచడానికి ఏమీ లేని ట్రిక్‌కి మారిపోండి.

అపోహ: మన ఫ్రెండ్సే కదా, తేలిగ్గా నమ్మేస్తారు.

తల్లిదండ్రులు నమ్మేస్తారు, లేదా నమ్మినట్టు నటిస్తారు. క్లాస్‌మేట్స్‌కి ఆ మొహమాటం ఉండదు. పైగా మీరు రోజూ పెన్ను ఎలా పట్టుకుంటారో, చేతులు ఎలా ఊపుతూ మాట్లాడతారో వాళ్లకి బాగా తెలుసు. ఎప్పుడూ గలగలా మాట్లాడేవాడు హఠాత్తుగా గొంతు మార్చి "మిత్రులారా, ఇప్పుడు మీరు చూడబోయేది..." అని మొదలుపెడితే నవ్వేస్తారు, ఆపైన అనుమానంగా చూస్తారు. మీ మాటతీరులోనే మాట్లాడండి. వాళ్లు మనసారా నవ్విన క్షణంలో అందరి పట్టూ సడలుతుంది, రహస్యమైన పనికి అంతకంటే మంచి అదను దొరకదు. అయితే ఆ నవ్వు ఎప్పుడు వస్తుందో ముందే తెలిసి ఉండాలి. నాలుగైదు గుంపులకి ఒకే ట్రిక్ చూపిస్తే అది తెలిసిపోతుంది.

చిన్న తరగతుల పిల్లల్ని మోసం చేయడం సులువనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. మీరు చూడమన్న చోట పెద్దవాళ్లు మర్యాదగా చూస్తారు. చిన్నపిల్లలు వాళ్లకి నచ్చిన చోట చూస్తారు. అనుభవం ఉన్న మెజీషియన్లు కూడా వాళ్ల దగ్గర తడబడతారు.

అపోహ: చెయ్యి వణుకుతుంది, టెన్షన్ వస్తుంది, కాబట్టి నా వల్ల కాదు.

వణుకుతూనే చేయగలిగే ట్రిక్కులు చాలా ఉన్నాయి. హస్తలాఘవం అవసరమే లేని అంకెల ట్రిక్ ఒకటి చూడండి. మొదటి అంకె, చివరి అంకె వేరుగా ఉన్న మూడంకెల సంఖ్య ఒకటి రాసుకోమనండి, 532 అనుకుందాం. తిరగేస్తే 235. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే 297. దాన్ని తిరగేస్తే 792. రెండూ కలిపితే 1089. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా వచ్చేది 1089 మాత్రమే. మీరు దాన్ని ముందే ఒక చీటీ మీద రాసి మడిచి ఎవరి జేబులోనో పెట్టి ఉంచుతారు. రహస్యం గణితంలో ఉంది కాబట్టి చెయ్యి ఎంత వణికినా నష్టం లేదు.

క్లాసులో ఇది చెడేది రెండు చోట్ల. తీసివేతలో 99 వస్తే దాన్ని 099గా రాసి తిరగేయాలి, అప్పుడే 990 వచ్చి కలిపితే లెక్క సరిపోతుంది. మూడంకెలు ఉండేలా ముందు సున్నా పెట్టు అని చెప్పడం మర్చిపోతే చెడిపోతుంది. రెండోది, ఆ పిల్లవాడే తీసివేత తప్పు చేయడం! అందుకే లెక్క ఇద్దరితో విడివిడిగా చేయించండి. ఇద్దరూ వేర్వేరు సంఖ్యలతో మొదలుపెట్టి ఒకే జవాబుకి వస్తే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుందనుకుంటారు చాలామంది. అలా చేయకండి, ప్రతిసారీ ఇదే వస్తుందన్న గుట్టు అక్కడే తెలిసిపోతుంది. ఇద్దరికీ ఒకే సంఖ్య ఇవ్వండి.

ఇలాంటివాటితో మొదలుపెడితే మనసు మాటల మీద, ముఖాల మీద పెట్టే తీరిక దొరుకుతుంది. టెన్షన్ తగ్గాక నాణేల జోలికి వెళ్లొచ్చు.

అపోహ: ఒకసారి చేసిన ట్రిక్‌ని అదే గుంపుకి మళ్లీ చేయకూడదు.

సగం నిజం. మొదటిసారి చూసేవాడికి ముగింపు తెలియదు, ఏది గమనించాలో కూడా తెలియదు. "ఇంకోసారి, ప్లీజ్" అన్నప్పుడు ఆ రెండూ తెలుసు. అందుకే కొత్తవాళ్లకి నేనూ వద్దనే చెప్తాను. అయితే మళ్లీ మళ్లీ చేయడం కోసమే తయారైన ట్రిక్కులు ఉన్నాయి. ఏ ట్రిక్‌నైనా మూడుసార్లు చూస్తే పట్టేస్తానని అప్పట్లో పేరుమోసిన మెజీషియన్ హూడినీ సవాలు చేసేవాడు. 1922లో డై వెర్నన్ అనే కుర్ర మెజీషియన్, కట్ట మధ్యలోకి వెళ్లిన పేకముక్కని ప్రతిసారీ పైకి రప్పిస్తూ అతనికే మూడుసార్లకంటే ఎక్కువ చూపించాడు. హూడినీ పట్టలేకపోయాడు. ఆ రకం ట్రిక్కుల్లో చూడ్డానికి ఒకేలా కనిపిస్తుంది గానీ, లోపల జరిగేది ప్రతిసారీ మారొచ్చు. రెండు మూడు పద్ధతులు చేతిలో లేనివాళ్లు "ఇంకోసారి" అన్న మాటకి నవ్వి మరో ట్రిక్‌లోకి వెళ్లిపోవడం మంచిది.

అపోహ: తప్పు జరిగితే పరువు పోయినట్టే.

ఏం జరగబోతోందో మీరు ముందే ప్రకటించకపోతే తప్పు జరిగిందని తెలిసేది మీకొక్కరికే. "ఇప్పుడు నాణెం మాయమవుతుంది" అని చెప్పకండి. మాయమయ్యాక వాళ్లే చెప్తారు. పూర్తిగా దొరికిపోతే మాత్రం బుకాయించొద్దు, పట్టేశావు అని ఒప్పేసుకోండి. తర్వాత వాడినే విడిగా అడగండి, సరిగ్గా ఎక్కడ చూశావ్ అని. ట్రిక్ బావుంది అన్నవాడికన్నా వాడు మీకు ఎక్కువ ఉపయోగపడతాడు. పట్టేసిన వాళ్లందరూ ఒకే చోటు చెప్తే మీరు బాగుచేయాల్సింది అక్కడ. తలా ఒక చోటు చెప్తున్నారంటే వాళ్లు చూసి చెప్పడం లేదు, ఊహిస్తున్నారు. ట్రిక్ మార్చే పనిలేదు.

అపోహ: ఎన్ని ట్రిక్కులు వస్తే అంత గొప్ప. ఖరీదైన సామాను ఉంటే ఇంకా గొప్ప.

రోజుకొక ట్రిక్ తెచ్చేవాడికి ఏదీ పూర్తిగా రాదు. ఆరు ట్రిక్కులు చాలు, చూసేవాళ్లని మారుస్తూ ఉండండి. పక్క సెక్షన్ ఉంది, బస్సులో వచ్చే వేరే తరగతివాళ్లు ఉన్నారు. సామాను విషయానికొస్తే, రంగుల డబ్బా చూడగానే పిల్లలు అడిగేది ఆ డబ్బా ఇమ్మని. ఎదుటివాడి దగ్గరే అడిగి తీసుకున్న రబ్బరు బ్యాండు, పెన్ను మూత, నాణెం అయితే ఆ గొడవే ఉండదు. ట్రిక్ అయ్యాక తిరిగి ఇచ్చేస్తారు, వాళ్లు ఎంతసేపైనా పరీక్షించుకోవచ్చు.

అపోహ: రహస్యం బయటపడితే మ్యాజిక్ చచ్చిపోతుంది.

ఇంగ్లండ్‌లో 1584లోనే అచ్చయిన ఒక పుస్తకం చిన్న బంతులు, నాణేలు, పేకముక్కల కనికట్లని విడమరిచి చెప్పేసింది. అవే కనికట్లు ఇప్పటికీ జనాన్ని నోరు తెరిచేలా చేస్తున్నాయి. కాబట్టి విద్యకేమీ కాదు. నష్టం మీ క్లాసుకే. ప్రాణస్నేహితుడికి చెప్పిన రహస్యం లంచ్ అయ్యేలోపు అందరికీ చేరుతుంది. విన్నవాళ్లు కూడా "ఇంతేనా" అని నీరుగారిపోతారు. నిజంగా నేర్చుకోవాలని అడిగేవాడు వేరు. వాడికి నేర్పండి, కానీ మీ ముందు చేసి చూపించేంతవరకు సాధన చేయమనండి. ఆ షరతు వినగానే చాలామంది అడగడం మానేస్తారు.

అపోహ: మ్యాజిక్ పేరుతో ఏం చేసినా సరదానే.

నిప్పు, బ్లేడు, సూదులు స్కూలు దగ్గర వద్దు. నాణెం మింగినట్టు నటించడానికి నిజంగా నోట్లో పెట్టుకోకండి, గొంతులో ఇరుక్కుంటుంది. పేకని స్కూళ్లలో చాలామంది టీచర్లు ఒప్పుకోరు, అంకెలు రాసిన అట్టముక్కలు ఆ పని చేస్తాయి. పందేలు అసలు కూడదు, ఫలితం మీకు ముందే తెలుసు కాబట్టి అది మోసం. క్లాసు జరుగుతుండగా చేయొద్దని వేరే చెప్పక్కర్లేదు.

మనసులో మాట చదివినట్టు కనిపించే ట్రిక్కుల దగ్గర మరీ జాగ్రత్త. 1089 చీటీ చూసిన వాళ్లలో ఎవడో ఒకడు మర్నాడు వచ్చి, నా జామెట్రీ బాక్స్ ఎవరు తీశారో చెప్పు అని అడుగుతాడు. వాడు నిజంగానే నమ్మి అడుగుతున్నాడు. ఊరికే ఎవరి పేరో చెప్తే ఆ పిల్లవాడి మీద దొంగ అన్న ముద్ర పడుతుంది. నాకు శక్తులేమీ లేవు, నిన్న చేసింది ట్రిక్ అని అక్కడికక్కడే చెప్పేయండి. ఎలా చేశారన్నది మాత్రం చెప్పక్కర్లేదు.