క్రిస్మస్ ఫ్రూట్ కేకు: అపోహలు – వాస్తవాలు

గుంటూరులో మా క్రైస్తవ సంఘపు స్త్రీల కూటమి ఏటా అడ్వెంట్ ఆదివారాలు (క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలు) మొదలుకాగానే ఫ్రూట్ కేకులు చేసి, గడప దాటలేని పెద్దలకూ, ఆ ఏడాది ఇంటి మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలకూ, సంఘానికి చెందని ఇరుగుపొరుగువారికీ పంచుతుంది. ఆ పొయ్యి పని చాలాకాలంగా నా చేతుల మీదుగా నడుస్తున్నందువల్ల కేకు గురించిన సందేహాలన్నీ నా దగ్గరికే వస్తాయి. వాటిలో కొన్ని రుచికి, కొన్ని విశ్వాసానికి సంబంధించినవే అయినా, జవాబు వెతకబోతే దాదాపు ప్రతిసారీ ఒక్క ప్రశ్న దగ్గరికే చేరుకుంటాము: ఈ ముక్క తినబోయేది ఎవరు?

అపోహ: రమ్ము పోయకపోతే అది ఫ్రూట్ కేకే కాదు.

వాస్తవం: మద్యం చేసే పనులు రెండు. ఎండుఫలాలను మెత్తబరచి వాటికి ఘాటైన సువాసన ఇవ్వడం ఒకటి, కేకు త్వరగా బూజు పట్టకుండా చూడడం మరొకటి. మొదటి పనిని కమలాల రసం, నల్లద్రాక్ష రసం, చివరకు పాలు కలపని చిక్కటి టీ డికాక్షన్ కూడా చక్కగా చేస్తాయి. రసంలో ఎండుఫలాలను పొయ్యిమీద ఐదు నిమిషాలు వెచ్చచేసి, మూతపెట్టి ఒక రాత్రి వదిలేస్తే కిస్మిస్ ఉబ్బి నిగనిగలాడుతుంది. రెండో పని మాత్రం రసం చేయలేదు కాబట్టి అలాంటి కేకును త్వరగా తినేయాలి.

ఇక్కడే ఇంకో మాట ప్రచారంలో ఉంది: పొయ్యి వేడికి మద్యమంతా ఆవిరైపోతుంది కాబట్టి అభ్యంతరం అక్కర్లేదని. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం గంటసేపు బేక్ చేసిన వంటలో పోసిన ఆల్కహాల్‌లో పావువంతు, రెండున్నర గంటల తర్వాత సుమారు 5 శాతం మిగిలే ఉంటుంది. బేక్ చేశాక వారం వారం చెంచాతో పైన పోసే రమ్ము సంగతి సరేసరి, దానికి వేడి తగిలేదే లేదు. తాగుడు మానేసి నిలదొక్కుకుంటున్న మనిషి ఉన్న ఇంటికి అలాంటి కేకు పంపడం నా దృష్టిలో నిర్లక్ష్యమే. తన భోజనం సహోదరునికి అభ్యంతరమైతే, అంటే అతణ్ణి తడబడేలా చేస్తే, దానిని ఎన్నటికీ ముట్టనని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయంలో అన్నది మాంసం గురించే అయినా, ఆ మాట రమ్ముకూ వర్తిస్తుంది. మేము పంచే కేకుల్లో మద్యం వేయము. ఇంట్లో తమకోసం వేసుకునేవారితో మాకు తగవూ లేదు.

అపోహ: పండ్లను నెలల తరబడి నానబెట్టాలి.

వాస్తవం: నెలలు నానితే రుచి లోతుగా ఉంటుందన్నది నిజమే, కానీ అది రమ్ములోనో బ్రాందీలోనో నానినప్పటి మాట. పండ్ల రసంలో నెలలు వదిలేస్తే పులిసిపోతుంది.

అపోహ: మైదా అద్దకపోవడం వల్లే పండ్లన్నీ అడుగుకు దిగిపోతాయి.

వాస్తవం: మైదా అద్దితే ముక్కలు ఒకదానికొకటి అంటుకోకుండా ఉంటాయి, అంతకుమించి అది చేసే మేలు స్వల్పం. పండ్లు దిగిపోవడానికి అసలు కారణం పిండి పలచగా ఉండడం, ముక్కలు పెద్దవిగా, తడిగా ఉండడం. ఎనిమిది అంగుళాల టిన్నుకు 225 గ్రాముల వెన్న, అంతే పంచదార, అంతే మైదా, నాలుగు గుడ్లు, దాదాపు 800 గ్రాముల పండ్లూ పప్పులూ వేసిన సంప్రదాయ కేకులో పండ్లు దిగడానికి చోటే ఉండదు, ఎందుకంటే అక్కడ పిండి పని ముక్కలను పట్టి ఉంచడం మాత్రమే. గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే కొడితే వెన్న విరుగుతుంది కాబట్టి వాటిని ముందే బయట పెట్టుకోవాలి. వేడి 150 డిగ్రీల సెల్సియస్ మించకుండా మూడు గంటలకు అటూఇటూగా బేక్ చేయాలి. టిన్నులో రెండు పొరల బటర్ పేపరు, బయట చుట్టూ దళసరి కాగితం కట్టకపోతే మధ్య ఉడికేలోగా అంచులు మాడతాయి.

అపోహ: నల్లగా ఉంటే మాడినట్టు, లేదా కోకో కలిపినట్టు.

వాస్తవం: ఆ రంగు కాల్చిన పంచదార పాకానిది. మందపాటి గిన్నెలో నీళ్ళు లేకుండా పంచదార కరిగిస్తే ముందు తేనె రంగుకు, తర్వాత ఎర్రటి గోధుమ రంగుకు, ఆపై పాత చింతపండు రంగుకు తిరుగుతుంది. అంచున సన్నగా పొగ లేచిన క్షణంలో పొయ్యి ఆపి, కాచిన వేడినీళ్ళను గిన్నె అంచు వెంబడి కొద్దికొద్దిగా పోయాలి. చన్నీళ్ళు పోస్తే పాకం గడ్డకట్టి, చేతిమీదికి చిమ్ముతుంది; వేడినీళ్ళకు కూడా కొంత చిమ్ముతుంది కాబట్టి ముఖం దూరంగా ఉంచుకోవాలి, పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకూడదు. పొగ లేచాక పది సెకన్లు ఆలస్యమైతే కేకంతా చేదెక్కుతుంది.

అపోహ: గుడ్డు లేని కేకు అసలైనది కాదు.

వాస్తవం: దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మన వీధుల్లో క్రిస్మస్ రోజున అరిసెలూ కజ్జికాయలూ గులాబీ పువ్వులూ పళ్ళెంలో పెట్టి పక్కింటికి పంపితే ఎవరూ కాదనరు, కేకు పంపితే మాత్రం కొన్ని ఇళ్ళలో నవ్వుతూ తీసుకుని పనిమనిషికి ఇచ్చేస్తారు. అది అనాదరణ కాదు, వారు గుడ్డు తినరు, అంతే. గుడ్డుకు బదులు పెరుగు, కండెన్స్‌డ్ మిల్క్, కొంచెం వంటసోడా వాడితే కేకు కాస్త బరువుగా, పొడిపొడిగా వచ్చినా పండ్లూ మసాలా దినుసులూ ఆ లోటు చాలావరకు కప్పేస్తాయి. అయితే పేరుకు గుడ్డులేని కేకు చేసి, గుడ్డు పిండి అంటిన గరిటెతోనే దాన్నీ కలిపితే ఆ శ్రమంతా వ్యర్థం. మేము గుడ్డులేని కేకులు ముందుగా, కడిగిన గిన్నెలతో చేసి, ఏమేమి వేశామో చీటీ మీద రాసి అంటిస్తాము. జీడిపప్పు, వేరుశెనగ పడనివారు ఉంటారు కాబట్టి చీటీలో పప్పుల పేర్లు తప్పనిసరి.

అపోహ: కేకు ఎంత ఖరీదైతే ప్రేమ అంత గొప్పది.

వాస్తవం: బజారులో రంగురంగులుగా అమ్మే టూటీ ఫ్రూటీ పాకంలో ఊరిన పచ్చి బొప్పాయి ముక్కలే, చెర్రీల పేరిట దొరికే ఎర్రటి కాయల్లో చాలావరకు మన వాక్కాయలే. వాటిని చిన్నచూపు చూడనవసరం లేదు, కేకులో అవి చక్కగా ఒదుగుతాయి. ఖర్చు తగ్గించవలసి వస్తే అంజీరు, ఆప్రికాట్లు మానేసి ఖర్జూరం, కిస్మిస్ పెంచండి, వెన్నకు బదులు వనస్పతి మాత్రం వాడకండి, ఎందుకంటే నాలుక మీద మిగిలే ఆ జిడ్డును ఏ మసాలా దాచలేదు. ఓవెన్ లేనివారు మందపాటి పాత గిన్నెలో ఉప్పు పరిచి, స్టాండు మీద టిన్ను పెట్టి, మూతపెట్టి సన్నసెగ మీద చేసుకోవచ్చు. కుక్కరైతే రబ్బరు, విజిల్ తీసేయాలి, నీళ్ళు పోయకూడదు. పండ్లు తగ్గించిన చిన్న కేకులకే ఈ పద్ధతి నప్పుతుంది.

అపోహ: ఫ్రూట్ కేకు బైబిల్లో ఉంది. దీనికి జోడీ అపోహ: అది తెల్లదొరల తిండి, మన విశ్వాసానికి దానితో పనిలేదు.

వాస్తవం: క్రిస్మస్ కేకు బైబిల్లో లేదు. సమూయేలు రెండవ గ్రంథం 6వ అధ్యాయంలో మందసాన్ని (దేవుని నిబంధన పలకలున్న పవిత్రమైన పెట్టెను) యెరూషలేముకు తెచ్చిన దావీదు రాజు అక్కడున్న స్త్రీపురుషులందరికీ రొట్టెతోపాటు ఎండుద్రాక్ష అడ (ఎండుద్రాక్షను అదిమి చేసిన బిళ్ళ) కూడా పంచిపెట్టాడని ఉంది. హోషేయ గ్రంథంలో అదే అడ ఇతర దేవతల పూజల సందర్భంలో కనిపిస్తుంది. కాబట్టి పవిత్రతను ఆ పదార్థానికి అంటగట్టలేము, దావీదు ఎవరినీ వదలకుండా పంచిన తీరునే మేము పాటించాలనుకుంటాము.

ఇక తెల్లదొరల మాటకు వస్తే, మన దేశంలో మొదటి క్రిస్మస్ కేకు 1883లో కేరళలోని తలశ్శేరిలో తయారైందని ప్రసిద్ధి. దాల్చినచెక్క తోటల యజమాని మర్డక్ బ్రౌన్ ఇంగ్లండు నుంచి తెచ్చిన కేకును నమూనాగా చూపితే, బేకరీ యజమాని మాంబల్లి బాపు ఫ్రెంచి బ్రాందీకి బదులు జీడిమామిడి పండ్ల సారా వాడి చేశాడట. బాపు క్రైస్తవుడు కాడు. కలకత్తా న్యూ మార్కెట్‌లో క్రిస్మస్ ముందు ఫ్రూట్ కేకు కోసం జనం బారులు తీరే నహూమ్స్ యూదుల బేకరీ. మా కేకులకు కిస్మిస్ తొడిమలు తీసేవారిలో కూడా సంఘానికి చెందనివారు ఉంటారు.

అపోహ: ఫ్రూట్ కేకు ఎన్నటికీ పాడవదు.

వాస్తవం: బ్రిటిష్ అన్వేషకుడు కెప్టెన్ స్కాట్ దక్షిణ ధ్రువ యాత్ర నాటిదని భావించే కేకు 2017లో అంటార్కిటికాలోని కేప్ అడేర్ గుడిసెలో, వందేళ్ళు దాటాక కూడా దాదాపు తినదగినట్టుగా కనిపించిన మాట నిజమే. అది మంచుదేశం. గుంటూరులో, అదీ మద్యం వేయని కేకుకు, గాలి చొరని డబ్బాలో వారం, ఫ్రిజ్‌లో ఇంకో రెండు మూడు వారాలు నేను ఇచ్చే గడువు.

అపోహ: అన్నీ పండ్లే కాబట్టి షుగరు ఉన్నవారు కూడా నిశ్చింతగా తినవచ్చు.

వాస్తవం: కిస్మిస్ బరువులో సగానికి పైగా చక్కెరే, ఆపైన పాకమూ మైదా ఉన్నాయి. షుగరు ఉన్న పెద్దవారికి కేకు పెట్టె పంపి వారి ఇంట్లో గొడవ పెట్టే బదులు వేయించిన బాదం, పల్లీల పొట్లం ఇస్తాము. కోరి అడిగితే వేలెడంత ముక్క వేరుగా కాగితంలో చుట్టి, ఇంట్లోవాళ్ళతో చెప్పే ఇస్తాము.