ఎలక్ట్రాన్‌కి దిగే చోటు కావాలి

మనం పీల్చిన ఆక్సిజన్ చివరికి ఏమవుతుందని అడిగితే చాలామంది ఠక్కున కార్బన్ డయాక్సైడ్ అంటారు. బడిలో చదివింది అలాగే గుర్తుండిపోతుంది మరి. నిజానికి మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లోని ఆక్సిజన్, తిన్న తిండి నుంచీ ఒంట్లోని నీటి నుంచీ వచ్చినది. ముక్కుతో పీల్చిన ఆక్సిజన్ మాత్రం కణాల్లోకి వెళ్లి నీరైపోతుంది. ఇలా మన ఒంట్లో రోజుకు సుమారు 300 మిల్లీలీటర్ల నీరు కొత్తగా పుడుతుంది.

నీరు ఎందుకవుతుందో తెలిస్తే ఊపిరి అంటే ఏమిటో తెలిసినట్టే. తిండి అరిగి కణంలోకి చేరాక, దాని అణువుల్లోంచి ఎలక్ట్రాన్లను కణం ఊడబెరుకుతుంది. ఎన్‌ఏడీహెచ్ అనే అణువు వాటిని మోసుకొచ్చి, కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా లోపలి పొర దగ్గర దించుతుంది. ఆ పొరలో పెద్ద పెద్ద ప్రోటీన్లు ఉంటాయి. వాటి లోపల ఇనుము, గంధకం, రాగి కలిసిన చిన్న చిన్న మెట్లు. ఎలక్ట్రాన్ ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టుకు దూకుతుంది. మధ్య దూరం సాధారణంగా ఒకటిన్నర నానోమీటర్ కూడా ఉండదు. చివరి మెట్టు దగ్గర ఆక్సిజన్ కాచుకుని ఉంటుంది. నాలుగు ఎలక్ట్రాన్లు, నాలుగు ప్రోటాన్లు అందుకుని రెండు నీటి అణువులవుతుంది. ఆక్సిజన్ పని ఇంతే, కానీ ఆ పని ఆగితే ప్రాణం నిలవదు. సైనైడ్ చేసేది అదే. ఆ చివరి మెట్టును మూసేస్తుంది. రక్తం నిండా ఆక్సిజన్ ఉన్నా, ఎలక్ట్రాన్‌కి దాన్ని చేరే దారి ఉండదు.

మొదటి మెట్టుకీ ఆక్సిజన్‌కీ మధ్య తేడా దాదాపు 1.1 వోల్టులు, అంటే గోడ గడియారంలో వేసే సెల్ కంటే కూడా తక్కువ. ఎలక్ట్రాన్ ఒక్కసారిగా కిందికి పడిపోతే ఆ శక్తంతా వేడిగా పోయేది. మెట్టు మెట్టుగా దిగుతుంది కాబట్టి, దిగే క్రమంలో ఆ ప్రోటీన్లు ప్రోటాన్లను పొర అవతలికి తోడిపోస్తాయి. ఒక్కో ఎన్‌ఏడీహెచ్ తెచ్చిన ఎలక్ట్రాన్ల జంటకు 10 ప్రోటాన్లు.

ఈ తోడిపోత ఎందుకో చాలాకాలం ఎవరికీ అర్థం కాలేదు. కణం తన పనులన్నిటికీ ఖర్చుపెట్టే శక్తి అణువు ఏటీపీ. ఎలక్ట్రాన్ల శక్తిని ఏటీపీకి అందించే రసాయనం ఏదో మధ్యలో ఉండి తీరాలని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వెతికారు. అలాంటి రసాయనం అక్కర్లేదని 1961లో పీటర్ మిచెల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త అన్నాడు. ఆనకట్ట వెనక నీళ్లు నిలిచినట్టు పొర అవతల ప్రోటాన్లు నిలుస్తాయి, అవి వెనక్కి దూసుకొచ్చే బలంతోనే ఏటీపీ తయారవుతుంది అన్నాడు. చాలామంది నమ్మలేదు. అనారోగ్యంతో విశ్వవిద్యాలయం వదిలిన మిచెల్, ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో ఒక పాత భవంతిని బాగుచేయించి, తన సహ పరిశోధకురాలు జెనిఫర్ మోయిల్‌తో కలిసి అక్కడే ప్రయోగాలు చేశాడు.

1966లో వెలువడిన, యాగెన్‌డార్ఫ్, ఉరీబే అనే శాస్త్రవేత్తల ప్రయోగం నాకు ఎంతో ఇష్టం. ఆకుల్లో వెలుతురుతో ఏటీపీ తయారుచేసే ఆకుపచ్చని క్లోరోప్లాస్ట్ పొరలను చీకట్లో ఆమ్లంలో నానబెట్టారు. లోపలంతా ఆమ్లం పట్టాక, ఒక్కసారిగా క్షార ద్రావణంలోకి మార్చారు. వెలుతురు లేదు, ఎలక్ట్రాన్ల పరుగు లేదు, లోపలికీ బయటికీ ప్రోటాన్ల తేడా ఒక్కటే ఉంది. అయినా ఏటీపీ తయారైంది! మిచెల్‌కు 1978లో నోబెల్ వచ్చింది.

ఆ ఆనకట్ట ఎంత బలమైనదో చూడండి. పొర మందం 5, 6 నానోమీటర్లే. దాని రెండు వైపులా తేడా 150 మిల్లీవోల్టులకు పైనే. మీటరు లెక్కన చూస్తే దాదాపు 3 కోట్ల వోల్టులు. గాలిలో నిప్పురవ్వ ఎగరడానికి అందులో పదో వంతు చాలు. ఆ తోపుడుకే ఏటీపీ సింథేజ్ అనే ప్రోటీన్ చక్రంలా గిర్రున తిరుగుతుంది. ఒక చుట్టుకు మూడు ఏటీపీలు. అది నిజంగానే తిరుగుతుందని 1997లో జపాన్ శాస్త్రవేత్తలు దానికి మెరిసే పోగు ఒకటి తగిలించి, మైక్రోస్కోప్ కింద కళ్లారా చూశారు.

బ్యాక్టీరియాకు మైటోకాండ్రియా ఉండవు, తమ ఒంటి పొర మీదే ఈ పని కానిస్తాయి. అసలు మన మైటోకాండ్రియా ఒకప్పటి బ్యాక్టీరియా సంతతే. అయితే బ్యాక్టీరియా దగ్గర మనకు లేని స్వేచ్ఛ ఒకటుంది. ఆక్సిజన్ దొరక్కపోతే ఎలక్ట్రాన్‌ని ఇంకెక్కడైనా దించగలవు. కొన్ని నైట్రేట్ మీద దించుతాయి. కొన్ని సల్ఫేట్ మీద దించుతాయి, నల్లటి బురదలోంచి వచ్చే కుళ్లిన గుడ్ల వాసన అందువల్లే.

తుప్పు మీద దించేవి ఇంకా ఆశ్చర్యం కలిగిస్తాయి. తుప్పు గట్టి పదార్థం, కణంలోకి తెచ్చుకోవడం కుదరదు. అందుకని జియోబాక్టర్ అనే బ్యాక్టీరియా ఎలక్ట్రాన్‌నే బయటికి పంపిస్తుంది. దాని ఒంటి నుంచి బయటికి సాగే సన్నని తీగల్లో, మన రక్తంలో ఉండే, ఇనుము ఉన్న హీమ్ అణువుల లాంటివే వరసగా పేర్చి ఉంటాయని 2019లో తేలింది.

ఇక డెన్మార్క్ శాస్త్రవేత్తలు సముద్రపు బురదలో కనుగొని 2012లో ప్రపంచానికి చెప్పిన కేబుల్ బ్యాక్టీరియా సంగతి. వేల కణాలు ఒకదాని కొసకు ఒకటి అతుక్కుని సెంటీమీటర్ పొడవు పోగవుతాయి. కింద సల్ఫైడ్ అనే గంధకపు పదార్థం ఉంది, ఆక్సిజన్ లేదు. పైన ఆక్సిజన్ ఉంది, సల్ఫైడ్ లేదు. కాబట్టి కింది కణాలు సల్ఫైడ్‌ని తిని ఎలక్ట్రాన్లను పైకి పంపుతాయి, పై కణాలు వాటిని ఆక్సిజన్‌కు అందిస్తాయి. ఆక్సిజన్ జాడే లేని లోతులో ఉన్న కణం, తన పోగు కొసన ఉన్న ఇంకో కణం ద్వారా ఊపిరి పీలుస్తుందన్నమాట.