ఎల్‌ఎంపీ పోయి ఆర్‌ఎంపీ వచ్చిన కథ

పల్లెల్లో ఆర్‌ఎంపీ అంటే ఎవరో చెప్పనక్కర్లేదు. బైకు, దానికి తగిలించిన బ్యాగు, అందులో బీపీ మిషను, సిరంజీలు. అర్ధరాత్రి ఫోన్ చేసినా వస్తాడు. దూలానికి తాడు కట్టి గ్లూకోజ్ సీసా వేలాడదీసి, ‘పొద్దున్నకి లేచి కూర్చుంటావులే పెద్దమ్మా’ అంటాడు. డబ్బులు పంట చేతికొచ్చాక ఇచ్చినా సరే. విచిత్రం ఏమిటంటే, ఆ మూడక్షరాల అసలు అర్థం రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్. ఇతని పేరు మాత్రం ఏ రిజిస్టర్లోనూ ఉండదు.

ఒకప్పుడు ఆ చోట ఎల్‌ఎంపీ, అంటే లైసెన్సు పొందిన మెడికల్ ప్రాక్టీషనర్, డాక్టరుగా ఉండేవాడు. బ్రిటిష్ కాలంలో యూనివర్సిటీ డిగ్రీ ఒక దారి, మెడికల్ స్కూల్లో తక్కువ కాలం చదివి లైసెన్సు పుచ్చుకోవడం ఇంకో దారి. మద్రాసులోని రాయపురం స్కూలు అలాంటిదే. దేశంలో వైద్యం తీరు చూడమని బ్రిటిష్ ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 1946లో లెక్క తీస్తే, దేశంలోని సుమారు 47,500 మంది డాక్టర్లలో దాదాపు 30,000 మంది ఈ లైసెన్షియేట్లే. అయినా డాక్టరంటే ఇకపై ఒకే రకం, ఐదున్నరేళ్ల చదువు అని కమిటీ తేల్చింది. డాక్టర్ల కొరత ఇంతుండగా ఆ దారి మూయొద్దని ఆరుగురు సభ్యులు అసమ్మతి రాశారు. వాళ్ల మాట చెల్లలేదు.

పల్లెకు రెండో రకం వైద్యం ఎందుకన్న వాదన న్యాయమైనదే. కానీ మొదటి రకం డాక్టరు టౌను దాటి రాలేదు. ఖాళీ అయిన కుర్చీలో ఏ చదువూ లేని కాంపౌండరు కూర్చున్నాడు.

ఆ తలుపు మళ్లీ తెరిచే ప్రయత్నం ఛత్తీస్‌గఢ్ చేసింది. రాష్ట్రం ఏర్పడేనాటికి అక్కడున్నది రాయ్‌పూర్ మెడికల్ కాలేజీ ఒక్కటే. 2001లో పల్లె వైద్యానికి మూడేళ్ల కోర్సు పెట్టారు. అది చదివినవాళ్లని డాక్టర్లనాలా వద్దా అన్న దగ్గరే గొడవ మొదలైంది. డాక్టర్ల సంఘం ఐఎంఏ అడ్డం తిరిగింది, కోర్సు మూతపడింది. చదివినవాళ్లు రూరల్ మెడికల్ అసిస్టెంట్లుగా పీహెచ్‌సీల్లో చేరారు. తర్వాత అధ్యయనం చేసి చూస్తే, మామూలు జబ్బుల వైద్యంలో వాళ్లు ఎంబీబీఎస్‌లకు తీసిపోలేదని తేలింది.

అస్సాం 2004లో చట్టమే చేసి జోర్హాట్‌లో పల్లె వైద్యానికి డిప్లొమా నడిపింది. వైద్య విద్య ప్రమాణాలు కేంద్రం చేతిలోనివంటూ 2014లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. అయితే ఆ చదువు చదివినవాళ్లకు ఉపాధి చూపిస్తూ 2015లో తెచ్చిన మరో చట్టాన్ని మాత్రం నిలబెట్టింది.

కేంద్రం తన వంతుగా 2019లో ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) చట్టంలో 32వ సెక్షన్ పెట్టింది. ఎంబీబీఎస్ లేకున్నా మామూలు వైద్యం చేసే కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకు పరిమిత లైసెన్సు ఇవ్వొచ్చు, వాళ్ల సంఖ్య మొత్తం డాక్టర్లలో మూడో వంతు మించకూడదు. దొంగ వైద్యులకు తలుపులు బార్లా తెరిచారంటూ డాక్టర్లు సమ్మె కట్టారు.

మన దగ్గర వైఎస్ ప్రభుత్వం ఆర్‌ఎంపీలకు శిక్షణ ఇచ్చి కమ్యూనిటీ పారామెడిక్‌లను చేద్దామనుకుంది. ఇప్పటికీ ఎన్నికలొస్తే ఆ సర్టిఫికెట్ల మాట వినబడుతుంది. స్టెరాయిడ్ సూదులతో కిడ్నీల మీదికి తెచ్చినవాళ్లను ఏ సర్టిఫికెట్టు మారుస్తుందో నాకైతే తెలియదు. ఆంధ్రా విలేజ్ క్లినిక్‌లలో ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్ చదివిన ఎంఎల్‌హెచ్‌పీలు (మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్లు) కూర్చుంటున్నారు. బీపీ, షుగరు చూస్తారు, మందులిస్తారు. సాయంత్రానికి క్లినిక్‌కి తాళం పడుతుంది. రాత్రి జ్వరమొస్తే ఫోను మళ్లీ ఆ బైకు మనిషికే.