కొండ రోజు, స్ప్రింట్ రోజు: టూర్ డి ఫ్రాన్స్ గురించి మన సైక్లిస్టుల అపోహలు - వాస్తవాలు

జులై వస్తే హైదరాబాద్ సైకిల్ గ్రూపుల్లో రాత్రి తొమ్మిది గంటలప్పుడు ఒకటే సందడి. ఫ్రాన్స్‌లో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు స్టేజ్, అంటే ఆ రోజు పందెం, సాయంత్రం ఐదున్నరకు ముగిసే వేళకు మనకు తొమ్మిదవుతుంది. చాలామంది ఆఖరి పది నిమిషాలే చూస్తారు. మర్నాడు తెల్లవారకముందే నార్సింగి దగ్గర సోలార్ కప్పున్న సైకిల్ ట్రాక్ ఎక్కి అదే తీరున తొక్కబోతారు. మోకాళ్లు పట్టేస్తాయి, ఊపిరి అందదు. ఆ పది నిమిషాల వెనక నాలుగైదు గంటల పొదుపు ఉంటుంది. అది కనబడదు కాబట్టే అపోహలు పుడతాయి. 23 రోజుల్లో 21 స్టేజ్‌లు, మధ్యలో రెండు విశ్రాంతి రోజులు. ఇంత పొడవైన రేసులో శక్తిని ఎక్కడ ఖర్చుపెట్టకూడదో తెలిసినవాళ్లే నిలబడతారు.

అపోహ: కొండ స్టేజ్ రోజు స్ప్రింటర్లకు (చదును స్టేజ్ చివర్లో దూసుకెళ్లి గెలిచేవాళ్లకు) పనేమీ ఉండదు. వెనకపడి నింపాదిగా వస్తే చాలు.

వాస్తవం: మా దృష్టిలో టూర్ మొత్తంలో అతి కష్టమైన లెక్క ఆ రోజు స్ప్రింటర్లదే. ప్రతి స్టేజ్‌కూ టైం లిమిట్ ఉంటుంది. విజేతకు పట్టిన సమయం మీద కొంత శాతం కలిపి గడువు కడతారు. స్టేజ్ ఎంత కష్టమైనది, విజేత సగటు వేగం ఎంత అన్నదాన్ని బట్టి ఆ శాతం మారుతుంది. విజేతకు 5 గంటలు పట్టి, ఆ రోజు శాతం 15 అనుకుందాం. అప్పుడు వెనకవాళ్లకు దొరికేది 45 నిమిషాలు. అది దాటితే మర్నాడు స్టార్ట్ లైన్ దగ్గర చోటు ఉండదు.

అందుకే స్ప్రింటర్లు, వాళ్లను కాచుకునే సహచరులు కలిసి గ్రుపెట్టో అనే వెనక గుంపు కడతారు. వేర్వేరు జట్ల వాళ్లే అయినా ఆ రోజుకు అందరిదీ ఒకటే పని. మొదటి కొండ మీద ఎన్ని నిమిషాలు పోయినా ఫరవాలేదు, చివరి కొండకు ఎన్ని మిగలాలి అన్నది అనుభవం ఉన్నవాళ్లు లెక్క వేస్తారు. ఎక్కేటప్పుడు ఎవరూ ఎగబడకుండా ఒకే ఒత్తిడితో తొక్కుతారు. లోయలో చదును దారి రాగానే వంతులవారీగా ముందుకొచ్చి గాలిని చీలుస్తారు. దిగుడులో బరువు కలిసొస్తుంది కాబట్టి అక్కడ పోయిన సమయంలో కొంత రాబట్టుకుంటారు.

ఈ లెక్క ఎక్కువగా తప్పేది మొదటి కొండ మీదే. కొండవీరుల వెంట ఇంకో రెండు కిలోమీటర్లు ఉండగలననుకుని శక్తికి మించి తొక్కినవాడు, పట్టు తప్పాక ముందు గుంపుకూ వెనక గుంపుకూ మధ్య ఒంటరిగా మిగులుతాడు. లోయలో ఒంటరిగా ఎదురుగాలి తింటే పది నిమిషాలు ఇట్టే పోతాయి. అప్పటికే కాళ్లు ఖాళీ.

2024లో బ్రిటిష్ స్ప్రింటర్ మార్క్ కావెండిష్ సంగతి చూడండి. తొలిరోజే ఎండకు వాంతులు చేసుకుంటూ వెనకపడితే, అతని జట్టు ఆస్తానా సహచరులు చుట్టూ ఉండి గడువులోపు గీత దాటించారు. నాలుగో స్టేజ్‌లో 2,642 మీటర్ల గాలిబియె కనుమ దాటాడు. మర్నాడు సాన్-వుల్బాలో గెలిచి 35 స్టేజ్ విజయాలతో బెల్జియం దిగ్గజం ఎడ్డీ మెర్క్స్ 34 విజయాల రికార్డును అధిగమించాడు. ఆ గెలుపులో సగం ముందు రోజుల్లో వెనక గుంపులోనే సంపాదించుకున్నది.

అపోహ: స్టేజ్ దూరం తక్కువైతే బరువైన రైడర్లకు సుఖం.

వాస్తవం: పూర్తిగా తిరగబడిన అభిప్రాయం ఇది. చిన్న కొండ స్టేజ్‌లో జెండా ఊపగానే దాడులు మొదలవుతాయి. గుంపు కుదురుకునేందుకు చదును దారి ఉండదు. విజేత సమయమే తక్కువ కాబట్టి దానిమీద శాతంగా వచ్చే గడువూ నిమిషాల్లో చిక్కిపోతుంది. 2018లో లా రొజియేర్‌కు వెళ్లిన 11వ స్టేజ్ 108.5 కిలోమీటర్లే. కావెండిష్, జర్మన్ స్ప్రింటర్ మార్సెల్ కిట్టెల్ ఇద్దరూ గడువు దాటి అక్కడే రేసు నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. గుంపు పెద్దదైతే నిర్వాహకులు కనికరించిన సందర్భాలూ ఉన్నాయి. 2011లో గాలిబియె, ఆల్ప్ డ్యుయెజ్ స్టేజ్‌లు రెండింట్లోనూ కావెండిష్ ఉన్న గుంపు ఆలస్యమైనా కొనసాగనిచ్చారు, కానీ ఒక్కోసారికి 20 పాయింట్లు కోసేశారు. అయినా ఆ ఏడాది ఎక్కువ పాయింట్లవాడికిచ్చే గ్రీన్ జెర్సీ అతనికే దక్కింది.

అపోహ: స్ప్రింట్ అంటే చివరి 200 మీటర్లలో ఎవరి కాళ్లలో బలం ఉందన్నదే.

వాస్తవం: ఆ 200 మీటర్లు గంటకు 68 కిలోమీటర్ల వేగంతో వెళ్తే పదిన్నర సెకన్లు. అంతకుముందు పది కిలోమీటర్ల నుంచే చోటు కోసం పోరు నడుస్తుంది. గాలి నిరోధాన్ని ఎదిరించడానికి కావలసిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. 60 నుంచి 66కు, అంటే వేగం పదో వంతు పెంచాలంటే, గాలికే మూడో వంతు అదనపు పవర్ ధారపోయాలి. కాబట్టి ఎంత ఆలస్యంగా గాలిలోకి వస్తే అంత లాభం. ముందు ముగ్గురు నలుగురు సహచరులు వరుస కడతారు. ఒక్కొక్కరూ తన వంతు దూరం లాగి పక్కకు తప్పుకుంటారు. ఆఖరి మనిషి 200 మీటర్ల దగ్గర స్ప్రింటర్‌ను వదులుతాడు.

ఎదురుగాలి ఉంటే 150 దాకా ఓపిక పట్టాలి. వెనకగాలి ఉంటే 250 నుంచే లేవచ్చు. ఎదురుగాలిలో 300 దగ్గర లేచినవాడు 15 సెకన్లకు పైగా పూర్తి బలంతో తొక్కాల్సి వస్తుంది. చివరి 50 మీటర్లలో అతని వెనక నక్కినవాళ్లు పక్కనుంచి దాటేస్తారు. టీవీలో అది బలం చాలకపోవడంలా కనబడుతుంది, నిజానికి గాలిని తప్పుగా చదవడం. ఇంకో మాట: ఎంచుకున్న గీత వదిలి అడ్డం వస్తే గెలిచినా ఆ గుంపు చివరికి నెట్టేస్తారు.

మన ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) సైకిల్ ట్రాక్ మీద స్ప్రింట్ సాధన చేసేవాళ్లు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. పదేసి సెకన్లవి ఆరుసార్లు చాలు, మధ్యలో కనీసం నాలుగైదు నిమిషాలు తేలిగ్గా తొక్కాలి. నిమిషం తెరపి ఇచ్చి ఇరవైసార్లు చేస్తే పెరిగేది ఆయాసమే, వేగం కాదు. ట్రాక్ మీద నడిచేవాళ్లు, పిల్లలు ఉంటే ఆ రోజు స్ప్రింట్ మానేయండి.

అపోహ: ప్రొఫెషనల్స్ ఎప్పుడూ పెద్ద గేర్లే తొక్కుతారు.

వాస్తవం: స్ప్రింట్‌లో నిజమే. ముందు 54 పళ్లు, వెనక 11 పళ్ల చక్రాలు వేస్తే పెడల్ ఒక చుట్టుకు సైకిల్ కదిలేది పది మీటర్ల పైచిలుకు. 68 కిలోమీటర్ల వేగానికి నిమిషానికి సుమారు 110 చుట్లు. అదే సైకిల్‌కు ముందు 40, వెనక 34 కూడా ఉంటాయి. ఆ గేర్‌లో గంటకు 14 కిలోమీటర్ల వేగంతో ఎక్కే స్ప్రింటర్ కాళ్లు నిమిషానికి 94 చుట్లు తిరుగుతాయి. కండ అలసట తక్కువ, మర్నాటికి మిగిలేది ఎక్కువ.

ఇక్కడ టూర్‌లో పేరున్న కొండ ఆల్ప్ డ్యుయెజ్‌ను మన లెక్కలో చెప్పుకుందాం. 13.8 కిలోమీటర్లు, సగటు వాలు 8.1 శాతం, 21 మలుపులు, ఎత్తు 1,100 మీటర్ల పైన. గోల్కొండ కోట గుట్ట సుమారు 120 మీటర్లు, దాన్ని తొమ్మిదిసార్లు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు. అంత ఎక్కేవాళ్లే 34 పళ్లు పెట్టుకుంటుంటే, వికారాబాద్ దగ్గరి అనంతగిరికి వెళ్లే మన రైడర్లు 11-25 క్యాసెట్‌తో (వెనక పళ్ల చక్రాల కట్ట, చిన్నదానికి 11, పెద్దదానికి 25 పళ్లు) మోకాళ్లు అరగదీసుకుంటారు. నిమిషానికి 60 చుట్ల లోపు పడిపోతున్నారంటే మీ గేర్ పెద్దది. 11-34కు మార్చేముందు వెనక డిరైల్లర్ (గేర్ మార్చే పరికరం) అన్ని పళ్లను మోయగలదా చూడండి, గొలుసు కూడా కొంచెం పొడవు కావాలి. పాత గొలుసే ఉంచి పెద్ద-పెద్ద గేర్‌లో (ముందూ వెనకా పెద్ద చక్రాల మీద) వేస్తే డిరైల్లర్ విరిగి చువ్వల్లో పడొచ్చు.

అపోహ: తేలిక సైకిల్ ఉంటే చాలు.

వాస్తవం: అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ నియమం ప్రకారం 6.8 కిలోల కన్నా తేలికైన సైకిల్ రేసులో పనికిరాదు. ఆల్ప్ డ్యుయెజ్ లాంటి ఎక్కుడు మీద, 40 నిమిషాల్లో ఎక్కేవాడికి, కిలో తగ్గితే అరనిమిషం దాకా కలిసొస్తుంది. చదును మీద ఆ కిలోకు విలువే లేదు. అక్కడ చేతులు దగ్గరపెట్టి, తల దించి కూర్చునే తీరుదే పైచేయి. మన ఊళ్లో చాలా డబ్బు పొరపాటు చోట పోసేది ఇక్కడే.

టైర్ల గాలి కూడా అంతే. సన్న టైరు, 120 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అన్న కాలం పోయింది. ఇప్పుడు 28, 30 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైర్లు వాడుతున్నారు. మన అతుకుల రోడ్ల మీద 75 కిలోల రైడర్ 28 టైరుకు వెనక 68-70, ముందు 65 పెడితే చాలు. హుక్‌లెస్ రిమ్ (టైరును పట్టి ఉంచే కొక్కెపు అంచు లేనిది) అయితే 72.5 దాటనే కూడదు, టైరు రిమ్ నుంచి ఊడి రావచ్చు.

అపోహ: ఎక్కువ స్టేజ్‌లు గెలిచినవాడిదే టూర్. చుక్కల జెర్సీ అందరికన్నా గొప్పగా కొండలెక్కేవాడిది.

వాస్తవం: యెల్లో జెర్సీ మొత్తం సమయానికి. 1990లో గ్రెగ్ లెమాండ్, 2017లో క్రిస్ ఫ్రూమ్ ఒక్క స్టేజ్ కూడా గెలవకుండా టూర్ గెలిచారు. పీటర్ సగాన్ 2014, 2015ల్లో స్టేజ్ లేకుండానే గ్రీన్ జెర్సీ వేసుకున్నాడు. చుక్కల జెర్సీ శిఖరాల దగ్గర వచ్చే పాయింట్లకు. ముందే విడిపోయి కనుమలు వరసగా ఏరుకునేవాడికీ అది దక్కవచ్చు.

అపోహ: ఆకలి వేసినప్పుడు తింటే సరిపోతుంది.

వాస్తవం: ఆకలి తెలిసేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది. కొండ స్టేజ్‌లో రైడర్లు గంటకు 90 నుంచి 120 గ్రాముల కార్బోహైడ్రేట్ తీసుకుంటారు, మొదటి అరగంట నుంచే. చదును మీద, కొండ మొదలవకముందే తినేస్తారు. నిలువు ఎక్కుడులో నమలడం కష్టం, కడుపుకు అందే రక్తం తగ్గుతుంది. మీరు నేరుగా 90తో మొదలుపెడితే కడుపు తిప్పుతుంది. 40-50తో మొదలుపెట్టి, వారాల మీద పెంచండి. అరలీటరు నీళ్లలో 40 గ్రాముల చక్కెర, ఒక గ్రాము ఉప్పు, సగం నిమ్మకాయ. దీంతోపాటు గంటకో అరటిపండు. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి. హైదరాబాద్ ఏప్రిల్ ఎండల్లో గంటకు ఒక సీసా చాలదు. అనంతగిరి దారిలో నీళ్లు ఎక్కడ నింపుకోవాలో బయల్దేరేముందే చూసుకోండి.

అపోహ: విశ్రాంతి రోజు అంటే మంచం దిగరు.

వాస్తవం: గంట, రెండు గంటలు తేలిగ్గా తొక్కుతారు. పూర్తిగా ఆగిపోతే మర్నాడు కాళ్లు మొద్దుబారి, మొదటి కొండ మీదే పట్టు తప్పేవాళ్లు ఉంటారు.