‘జర్క్’ అంటే ఏ జర్కు?

“ఆటోమేటిక్ బండి జర్క్ కొడుతోంది, గేర్‌బాక్స్ పోయినట్టేనా?” అని మొన్న ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. నేను తిరిగి ప్రశ్నలు మొదలుపెట్టాను. గేరు మారే క్షణంలోనా, మారిపోయాకా? ఒక్కసారి తన్నినట్టా, వరసగా వణికినట్టా? అప్పుడు ఆర్‌పీఎం ముల్లు (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) లేచిందా, పడిందా, ఉన్నచోటే ఉందా? దేనికీ జవాబు లేదు. అతని దగ్గరున్న మాట ఒక్కటే, జర్క్.

ఆ ఒక్క మాట చాటున చాలా జబ్బులుంటాయి. వాటికి విడివిడి పేర్లున్నాయి. ఏ పేరు చెబితే మెకానిక్ చూపు ఆ వైపు వెళ్తుంది.

స్లిప్ అంటే ఇంజిన్ తిరుగుతోంది కానీ ఆ తిరుగుడు చక్రాలకు పూర్తిగా అందడం లేదు. ఆక్సిలరేటర్ తొక్కితే ముల్లు పైకి పోతుంది, బండి మాత్రం ఊపందుకోదు. ఇదే సంగతి గేరు మారేటప్పుడు క్షణంసేపు జరిగి సర్దుకుంటే అది ఫ్లేర్. గేరు మారడమంటే లోపల ఒక క్లచ్ వదలాలి, ఇంకొకటి పట్టుకోవాలి. నిండు బిందెను ఒకరి చేతిలోంచి ఇంకొకరు అందుకోవడం లాంటిదే. ఇచ్చేవాళ్లు ముందే వదిలేస్తే బిందె జారుతుంది, అది ఫ్లేర్. అందుకున్నాక కూడా ఇచ్చేవాళ్లు వదలకపోతే పెనుగులాట. దాన్ని టై-అప్ అంటారు. గేర్‌బాక్స్ ఒకే క్షణంలో రెండు గేర్లలో ఉండబోయి, బండి తనకు తానే బ్రేక్ వేసుకున్నట్టు ఆగి కదులుతుంది. రెండూ నేరుగా వ్యతిరేకమైన లోపాలు. అయినా రెండింటినీ జర్క్ అనే అంటాం.

ఎత్తు ఎక్కేటప్పుడు నాలుగు, అయిదు, మళ్లీ నాలుగు అంటూ ఎటూ తేల్చుకోలేకపోవడం హంటింగ్. చాలాసార్లు అది జబ్బే కాదు. మామూలు గేర్‌బాక్స్‌కే క్లచ్చునూ గేర్లనూ యంత్రం మార్చే ఏర్పాటున్న ఏఎంటీ బండ్లలో గేరుకూ గేరుకూ మధ్య వచ్చే విరామం వాటి స్వభావం. ఇవి పక్కన పెడదాం. నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట షడర్.

సాఫీ రోడ్డు మీద, ఒకే వేగంతో, ఆక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి పోతుంటారు. ఉన్నట్టుండి గీతలు గీసిన రోడ్డు ఎక్కినట్టు ఒకటి రెండు సెకన్లు బండి సన్నగా వణుకుతుంది. గేరు మారలేదు. ముల్లు పెద్దగా కదల్లేదు. అది షడర్.

ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. అందులో ఒక రెక్కల చక్రం ఆయిల్‌ను చిమ్మితే, ఎదుటి రెక్కల చక్రం ఆ తోపుకి తిరుగుతుంది. హెర్మన్ ఫ్యోటింగర్ అనే జర్మన్ ఇంజినీరు 1905లో పేటెంట్ తీసుకున్నది ఓడల కోసం. వేగంగా తిరిగే ఆవిరి టర్బైన్‌కీ నెమ్మదిగా తిరగాల్సిన ప్రొపెల్లర్‌కీ సంధి కుదర్చడం ఆయన పని. ఆయిల్ ద్వారా తోసినప్పుడు కొంత శక్తి వేడిగా పోక తప్పదు. అందుకే వేగం అందుకున్నాక ఆ రెండు చక్రాలనూ కలిపి బిగించే లాకప్ క్లచ్ పెట్టారు. చాలా కొత్త బండ్లలో దాన్ని పూర్తిగా బిగించరు. ఇంజిన్ అదుర్లు లోపలికి రాకుండా కొన్ని పదుల ఆర్‌పీఎం తేడాతో కావాలనే జారనిస్తారు. వణుకు పుట్టేది ఇక్కడే.

బ్లాక్‌బోర్డు మీద సుద్దముక్క కీచుమనడం గుర్తుందా? సుద్ద బోర్డుకి అతుక్కుంటుంది, చెయ్యి తోస్తూ ఉంటే వంగుతుంది, పట్టు తెగి జారుతుంది, మళ్లీ అతుక్కుంటుంది. ఇది సెకనుకు వందలసార్లు జరిగితే కీచు. స్థైతిక ఘర్షణ ఎక్కువ, జారుడు ఘర్షణ తక్కువ అని బడిలో రెండు అంకెలు చెప్పి వదిలేస్తారు. ఆ పాఠం చెప్పే చేతిలోనే సుద్ద కీచుమంటున్నా దాన్ని చూపించరు! నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అసలు సంగతి అంకెల్లో లేదు, వాలులో ఉంది, అంటే జారే వేగంతో పాటు ఘర్షణ పెరుగుతుందా, తగ్గుతుందా అన్నదాంట్లో. జారే వేగం పెరిగేకొద్దీ ఘర్షణ కూడా పెరిగితే ఏ చిన్న కుదుపైనా తనంతట తానే అణిగిపోతుంది. క్లచ్ ప్లేటు కాస్త ఎక్కువ జారితే ఘర్షణ పెరిగి వెనక్కి లాగుతుంది, తక్కువ జారితే ఘర్షణ తగ్గి వదులు చేస్తుంది. అదే వేగంతో పాటు ఘర్షణ తగ్గుతూ పోయిందనుకోండి, కథ తిరగబడుతుంది. కాస్త ఎక్కువ జారగానే పట్టు తగ్గి ఇంకా జారుతుంది. నెమ్మదించగానే పట్టు పెరిగి ఠక్కున అతుక్కుంటుంది. ఊయలను సరిగ్గా వెనక్కి వచ్చిన క్షణంలో తోసినట్టు, ప్రతి విడతా ఇంజిన్ శక్తిలో కొంత ఆ ఊపులోకి చేరుతుంది. దీన్ని రుణ అవరోధం అంటారు. ఊపును తగ్గించాల్సిన ఘర్షణే ఊపును పెంచుతోందన్నమాట.

ఆ వాలును సరైన వైపు ఉంచేది ఆయిల్‌లో కలిపే ఫ్రిక్షన్ మాడిఫయర్లు. పొడవాటి తోక ఉన్న ఈ అణువుల తల లోహాన్ని పట్టుకుంటుంది, తోకలు పైకి నిలబడి ఉపరితలం మీద కుచ్చులా పరుచుకుంటాయి. నెమ్మదిగా జారేటప్పుడు ఆ కుచ్చు ఘర్షణను తగ్గించి, అతుక్కోనివ్వదు. ఏళ్ల తరబడి వేడికి ఈ అణువులు అరిగిపోతాయి. నీళ్లు చేరినా ఆయిల్ గుణం చెడుతుంది. అప్పుడు వాలు తిరగబడి వణుకు మొదలవుతుంది.

“పాత గేర్‌బాక్స్‌లో ఆయిల్ మారిస్తే అదే చస్తుంది” అనే నమ్మకం ఎంత గట్టిదో, అంత నష్టం చేస్తోంది. చాలామంది స్లిప్ మొదలయ్యాకే ఆయిల్ మారుస్తారు. అప్పటికే ప్లేట్లు అరిగి ఉంటాయి, నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది.

మిత్రుడికి ఒక పరీక్ష చెప్పాను. ఖాళీ రోడ్డు మీద వణుకు వచ్చినప్పుడు, ఆక్సిలరేటర్ వదలకుండా, ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ను ఊరికే తాకించమన్నాను. చాలా బండ్లలో బ్రేక్ లైటు వెలగగానే లాకప్ విడిపోతుంది. వణుకు ఆగితే అనుమానం లాకప్ మీదికి, ఆగకపోతే ఇంజిన్ మీదికి వెళ్తుంది.

మర్నాడు మళ్లీ ఫోన్. ఈసారి జర్క్ అనలేదు. “డెబ్బై దగ్గర, గేరు మారకుండానే, సన్నగా వణుకుతోంది. బ్రేక్ తాకిస్తే ఠక్కున ఆగిపోతోంది” అన్నాడు. మెకానిక్‌కీ అదే మాట చెప్పాడు. గేర్‌బాక్స్ విప్పలేదు, ఆయిల్ దింపి కొత్తది పోశారు. వణుకు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. కింద బోల్టు విప్పితే దిగేది కొంత ఆయిలే, మిగతాది కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. కొన్నాళ్లు నడిపాక రెండోసారి మార్చారు, అప్పుడు పోయింది.